బందరు గుడ్డ మీద పూలతోట

మా ఇంట్లో ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉన్నది. 1920 దాటిన తరువాత మా తాతగారు, నాన్నమ్మ విశాఖపట్నం జిల్లా నుండి పేరాక్ రాష్ట్రంలోని రబ్బరు తోటకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న పెట్టె అది. అందులో ఒక ఇత్తడి చెంబు, కొన్ని కాగితాలు, ఒక ఎర్రపూల దుప్పటి ఉండేవి. ఆ దుప్పటిని ఏడాదికొకసారి, ఉగాదినాడు మాత్రమే బయటకు తీసేవారు. పీట మీద పరచి, దాని మీద దేవుడి పటం పెట్టేవారు. నిండా తీగెలు, పువ్వులు, అంచున మామిడి పిందెలు. మేమందరం దానిని ‘బందరు గుడ్డ’ అనేవాళ్లం. నాన్నమ్మ అన్న మాటో, పిల్లలం మేమే అంటగట్టిన పేరో ఇప్పుడు చెప్పగలవారు లేరు.

నేను బడిపంతులుగా పని చేసినంతకాలం చరిత్రే చెప్పాను, కాని అది మలాయా చరిత్ర, ఇంగ్లండు చరిత్ర. ఈ దుప్పటి చరిత్ర మాత్రం తెలియలేదు. సాయంకాలపు తరగతిలో తెలుగు చదవడం, వ్రాయడం నేర్చుకున్న తరువాత, 2016లో ఆ దుప్పటిని సంచిలో పెట్టుకుని కృష్ణా జిల్లాలోని పెడన వెళ్లాను. అక్కడ అద్దకం పని చేసే ఒక పెద్దాయన దానిని చూసి చెప్పిన మాట తరువాత చెబుతాను. ముందు ఆ పువ్వుల కథ తెలుసుకోవాలి.

ఈ పనికి లోకమంతా తెలిసిన పేరు కలంకారీ. కలం అన్నా, కారీ అన్నా పారశీకం నుండి వచ్చిన మాటలు. కలంతో చేసిన పని అని అర్థం. మనవాళ్ల మాట అద్దకం. ఆంధ్రదేశంలో ఇది రెండు చోట్ల రెండు విధాలుగా నిలిచింది. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో దేవతల కథలు వ్రాస్తారు, బొమ్మల వరుసల మధ్య తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. (నేను వాటిని కూడబలుక్కుని చదువుతుంటే పక్కనున్న చిన్నపిల్లవాడు నవ్వాడు.) బందరు వైపు, అంటే మచిలీపట్నం, పెడన ప్రాంతంలో, దేవతల బొమ్మల కంటె పువ్వులు, తీగెలు, చెట్లు ముఖ్యం. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, పారశీక వర్తకుల రాకపోకల మధ్య పెరిగిన పని కాబట్టి అక్కడ తోటకే పెద్దపీట వేశారు. ఇప్పుడు పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. పాతకాలపు గొప్ప గుడ్డలు చాలావరకు బందరు వైపు కూడా కలంతో వేసినవే.

ఆ తోట ఎక్కడిది? లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల దాచిన 18వ శతాబ్దపు దుప్పట్ల బొమ్మలను పుస్తకాలలో చూశాను. నడుమ రాళ్ల గుట్ట, దాని మీద మెలికలు తిరిగిన ఒక్క మాను. ఆ ఒక్క మానుకే పది రకాల పువ్వులు. ఒక కొమ్మకు గులాబీ వంటిది, ఇంకొక కొమ్మకు చామంతి వంటిది, మరొక చోట దానిమ్మ, వెదురాకు వంటి ఆకులు. అటువంటి చెట్టు భూమి మీద ఎక్కడా లేదు. అచ్చులలో నేటికీ కనబడే సరుగుడు వంటి కోసు చెట్టు పారశీక తోటలలోని సైప్రస్. కృష్ణా ఒడ్డున దానిని చెక్కినవారిలో చాలామంది దానిని కంటితో చూసి ఉండరు. అద్దకంవారు పెరటిలోకి తొంగిచూసి అక్కడ ఉన్నది గీశారని మనం అనుకుంటాం, పిల్లల పుస్తకాలలో అలాగే వ్రాస్తారు. అది సగమే నిజం. రూపం పారశీకం నుండి, చీనా నుండి, ఇంగ్లీషువారి కోరికల నుండి వచ్చి చేరింది. పెరటి నుండి, చేల గట్ల నుండి, ఇసుక దిబ్బల నుండి వచ్చినది రంగు. పూలతోట బొమ్మను ఆకులతో, వేళ్లతో, కాయలతో తయారు చేయడమే ఈ పనిలోని అందం.

ఎలాగో పెడనలో చూశాను. నూలు గుడ్డను ముందు ఉతికి, గంజి పోగొట్టి, ఎండబెడతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేస్తారు. కరక్కాయ వగరు గుడ్డకు పడుతుంది, పాలలోని వెన్న అద్దిన ద్రవం చెదరకుండా ఆపుతుంది. గుడ్డ లేత పసుపు రంగుకు వస్తుంది, ఆ వాసన మాత్రం సహించడం కష్టమే. నల్లగీత కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరవేస్తారు. ఆ నీరు కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎక్కడా నల్లరంగు అనే వస్తువు లేదు. ఇనుము, బెల్లం, కరక్కాయ, అంతే.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా కావలసిన చోట అద్దేది ఎరుపు కాదు, పటిక నీరు. అది కంటికి కనబడదు కాబట్టి గుర్తుకోసం కొంచెం రంగు కలుపుతారు. అద్ది, కొన్నాళ్లు ఆరనిచ్చి, పారే కాలువలో జాడించి, ఆ తరువాత ఎర్రరంగునిచ్చే సరుకు వేసిన రాగి పాత్రలో ఉడకబెడతారు. పటిక పడ్డ చోటనే ఎరుపు పట్టుకుంటుంది, మిగిలిన చోట ఉతుకుడులో, ఎండలో వదిలిపోతుంది. అంటే అద్దకంవాడు గుడ్డకు రంగు పూయడు, రంగు పట్టే గుణాన్ని పూస్తాడు. పువ్వు పాత్రలో పూస్తుంది. నీలానికి నీలిమందు. నీలం పట్టకూడని చోట మైనం కప్పి తొట్టిలో ముంచేవారు. పసుపుకు దానిమ్మ తొక్కలు, కరక్కాయ పువ్వు. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. మన మలేషియాలో కెలాంతన్, తెరంగాను బాతిక్ చూసినవారికి మైనం సంగతి వెంటనే అర్థమవుతుంది.

ఆ ఎరుపునిచ్చిన సరుకు పేరు చిరివేరు. చిన్న మొక్క, సముద్రతీరపు ఇసుక నేలలో పెరుగుతుంది. దారంలాంటి వేరు లోతుకు దిగుతుంది. ఆ వేరును త్రవ్వి తీయడం ఒక బ్రతుకుతెరువు. గవ్వలు, గుల్లలు కలిసిన సున్నపు నేలలో పెరిగిన వేరుకు ఎరుపు ఎక్కువ. పెద్దపల్లి, అంటే నేటి నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు 17వ శతాబ్దంలో గొప్ప పేరు. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కొలువులో ఉన్న విలియం మెత్వోల్డ్ కూడా ఈ తీరపు చిరివేరును గురించి, కలంతో వేసిన గుడ్డల రంగు నిలకడను గురించి వ్రాశాడు. ఉతికిన కొద్దీ మెరుగెక్కే ఎరుపు యూరపులో అప్పటికి ఎవరికీ నూలు మీద సులభంగా చేతకాదు. మాకు బడిలో నేర్పిన చరిత్రలో యంత్రాలన్నీ వారివి, పొలాలన్నీ మనవి. రసాయన విద్య మాత్రం ఆ రోజులలో పెద్దపల్లి ఇసుకలో ఉన్నదని ఎవరూ చెప్పలేదు.

కొయ్య సంగతి కూడా చెప్పాలి. అచ్చులకు టేకు వాడతారు. బాగా ఎండిన టేకు చెక్కను నున్నగా చేసి, దాని మీద గీసిన బొమ్మ చుట్టూ సన్నని ఉలులతో చెక్కి తీసివేస్తారు. గీతకు ఒక అచ్చు, ఎరుపుకు ఒకటి, మిగిలిన ప్రతి రంగుకూ ఒక్కొక్కటి. ఒక్క పువ్వుకు మూడు నాలుగు అచ్చులు కావచ్చు, అవన్నీ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవాలి. అద్దేవాడు బల్ల పక్కన నిలబడి, అచ్చును తడిపి, గుడ్డ మీద ఉంచి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేస్తాడు. నేను చూస్తూ ఉండగా ఒకాయన అడుగులు వేస్తూ బల్ల ఈ చివర నుండి ఆ చివరకు ఒక తీగెను నడిపించాడు. ఎక్కడా కొలబద్ద లేదు. దగ్గరగా వంగి చూస్తే మాత్రం ఒక అచ్చు ఆగి ఇంకొకటి మొదలైన చోట చిన్న అతుకు తెలుస్తుంది. ఆ అతుకు గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

ఇక మన దేశానికి, అంటే మనం పుట్టిన ఈ మలయ దేశానికి, ఆ గుడ్డకు ఉన్న సంబంధం. మన తాతలు రబ్బరు కోసం వచ్చారు, మనకు ఇక్కడ అదే మొదలు అని అనుకుంటాం. కోరమండల్ తీరపు గుడ్డలు అంతకు ఎన్నో వందల ఏండ్ల ముందే ఇక్కడికి వచ్చాయి. 1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకున్న తరువాత కొద్ది ఏండ్లకే అక్కడ ఉండి గ్రంథం వ్రాసిన తోమే పిరెస్, క్లింగ్ వర్తకులు తెచ్చే గుడ్డల వ్యాపారాన్ని గురించి చెప్పాడు. కళింగం అన్న పేరు నుండి వచ్చిన మాట అది. ఈనాడు మనలను చిన్నబుచ్చడానికి కొందరు వాడే మాట ఆనాడు గుడ్డల మూటలు దించే షావుకార్ల పేరు. ఇది తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం దాచుకోలేను. అయితే మా తాతగారు షావుకారు కాదని కూడా వెంటనే గుర్తు చేసుకున్నాను.

1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ పెద్దపల్లికి, మచిలీపట్నానికి వచ్చింది. దానిలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు డచ్చివాడు, కొలువు మాత్రం ఇంగ్లీషువారిది. అతడు తెలుగు తీరంలో గుడ్డలు వేయించి, 1612లో పటానీకి తీసుకుపోయాడు. ఇప్పటి దక్షిణ థాయిలాండులో, కెలాంతన్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఆనాటి మలయ రాజ్యం అది. అక్కడ అతడు తన దినచర్యలో ఒక సంగతి వ్రాసుకున్నాడు. మలయులు కొనే గుడ్డలకు అంచున సన్నని తెల్లగీత ఉండితీరాలట. అది లేకపోతే ధర పడిపోతుంది. అంత చిన్న లోపానికి అంత నష్టమా అని అతనికే ఆశ్చర్యం వేసింది. ఇది చదివినప్పుడు నాకు పెద్దపల్లి దగ్గర ఎవరో ఒక అద్దకంవాడు కళ్ల ముందు నిలిచాడు. ఎన్నడూ చూడని ఊరిలో, ఎన్నడూ చూడని ఆడవాళ్లు కట్టుకునే గుడ్డ అంచుకు తెల్లగీత విడిచిపెట్టడం అతడు నేర్చుకోవాలి. మన మలయ మిత్రులు పుచుక్ రెబుంగ్, వెదురు మొలక అని పిలిచే కోసు కోసుల అంచు కూడా ఈ తీవుల కోసం కోరమండల్ తీరంలో వేసిన గుడ్డల మీద కనబడుతుంది. సాంగ్‌కెట్ మీద, సారంగు మీద మన పిల్లలు రోజూ చూసే అంచు అదే.

ఇంగ్లీషువారు కూడా తమకు కావలసిన తోటను అడిగి వేయించుకున్నారు. 1643లో లండను నుండి సూరతుకు వ్రాసిన ఉత్తరంలో కంపెనీవారు, ఎర్రని నేల మీద పువ్వులు మాకు నచ్చవు, తెల్లని నేల మీద నడుమ కొమ్మ, పువ్వులు వేయించండి అని కోరారు. ఇటువంటి కోరికలు, పంపిన నమూనాలు అన్నీ కలిసి ఆ పదిరకాల పువ్వుల చెట్టు రూపం తీర్చుకున్నది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఇర్విన్ ఈ సంగతిని ఎంతో శ్రమించి తేల్చాడు. ఆ చెట్టు ఒక్క దేశానిది కాదని ఆయన చూపించాడు.

ఆ చెట్టు మరీ బాగా అమ్ముడుపోయింది. పట్టు, ఉన్ని నేసేవారు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన చట్టం చేసింది. ఇంతలో అక్కడివారు అనుకరించడం నేర్చుకున్నారు. 1783లో థామస్ బెల్ రాగి రోలరుతో అచ్చువేసే పద్ధతికి హక్కు పొందాడు. ఆ తరువాత కృష్ణా తీరపు పువ్వును లాంకషైరులో గంటకు ఎన్ని గజాలైనా తీయవచ్చు. ఆ మిల్లు గుడ్డ తిరిగి మన దేశానికే అమ్మకానికి వచ్చింది. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్మాన్ అనే ఇద్దరు చిరివేరు వంటి వేళ్లకు ఎరుపునిచ్చే ఎలిజరిన్‌ను తారు నుండి తయారు చేశారు. కృత్రిమ నీలిమందు 1897లో అంగడికి వచ్చింది. వేళ్లు త్రవ్వేవారి పని అయిపోయింది.

బందరుకు అంతకు ముందే ఇంకొక దెబ్బ తగిలింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. అయినా అద్దకం చావలేదు. పారశీక దేశానికి నమాజు గుడ్డలు, తెరలు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు వెళుతూనే ఉండేవి. ఆ బేరం పోయిన తరువాత మిగిలినవారు కొద్దిమంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కమలాదేవి చటోపాధ్యాయగారు, చేతిపనుల బోర్డువారు పూనుకోవడంతో మళ్లీ కొంత ఊపిరి వచ్చింది.

మా తాతగారు ఓడ ఎక్కిన కాలం సరిగ్గా ఆ అద్దకం కొడిగట్టిన కాలమే. ఆయనను ఇక్కడికి లాగినది కూడా ఒక చెట్టే. బ్రెజిలు నుండి 1876లో కొనిపోయిన గింజలను ఇంగ్లండులోని క్యూ తోటలో మొలిపించి, 1877లో సింగపూరు తోటకు పంపారు. వాటిలో తొమ్మిది మొక్కలను పేరాక్‌లోని కౌలాకాంగ్సర్‌లో నాటారు. రాజోద్యానాలలో పెరిగిన ఆ మొక్క మన జాతిని వేల సంఖ్యలో ఇక్కడకు రప్పించింది. 1938లో భారత ప్రభుత్వం కూలీల పంపకాన్ని ఆపేవరకు అలా వస్తూనే ఉన్నారు. రబ్బరు చెట్టు పువ్వును ఎవరైనా గుడ్డ మీద వేశారా అని నేను వెదికాను. నాకు కనబడలేదు. తెల్లవారుజామున దాని మానుకు గాటు పెట్టేవారికి అది పువ్వుగా తోచి ఉండదు.

ఇప్పుడు ఆ దుప్పటి సంగతి. పెడనలో పెద్దాయన దానిని బల్ల మీద పరచి, అద్దాలు పెట్టుకుని, అంచు పొడుగునా వేలుతో నడిచాడు. తిరగేసి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

“ఇది మన పని కాదండీ మాస్టారూ. మిల్లు గుడ్డ” అన్నాడు.

నేను ఏమీ అనలేదు.

“ఈ పువ్వుకీ ఆ పువ్వుకీ వెంట్రుకవాసి తేడా లేదు చూడండి. చేత్తో అద్దితే అతుకు కనబడుద్ది. వెనకమాల చూడండి, తెల్లగా ఉంది. మేం గుడ్డని ఉడకబెడతాం కదండీ, రంగు దారంలోకి దిగుద్ది. ఇది పైపైన వేసింది.”

“ఎక్కడి మిల్లు?” అని అడిగాను.

“మాకేం తెలుసండీ. సీమదో, బొంబాయిదో” అని, లోపలికి వెళ్లి ఒక పాత అచ్చు తెచ్చాడు. టేకు నల్లబడిపోయింది, ఒక మూల చితికింది. మామిడి పిందె అచ్చు. దానిని దుప్పటి అంచు మీద పెట్టి చూపాడు. సరిపోలేదు, కొంచెం పెద్దది. కాని పిందె వంపు, దాని కడుపులోని చిన్న పువ్వు, చుట్టూ చుక్కలు, అన్నీ అవే.

తిరిగి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మా అక్కకు కోపం వచ్చింది. “నాన్నమ్మ లేనప్పుడు ఆవిడ గుడ్డకు వంక పెట్టడానికి అంత దూరం వెళ్లావా? పిల్లలకు చెప్పకు” అన్నది. నేను చెప్పాను. తోటకూలీ కుటుంబానికి చేతిఅద్దకపు దుప్పటి కొనే స్తోమతు ఉండి ఉండదని, చవకగా దొరికిన మిల్లు గుడ్డనే ఆమె ఇష్టపడి కొనుక్కుని, ఇన్నేళ్లు కాపాడిందని చెప్పాను. ఆ మిల్లుకు పువ్వు ఎక్కడి నుండి వెళ్లిందో కూడా చెప్పాను. అక్క ఇప్పటికీ దానిని బందరు గుడ్డ అనే అంటుంది.

పెడనలో నేను ఒక దుప్పటి కొన్నాను. అందులో ఎరుపు చిరివేరుది కాదు, ఎలిజరినే, అమ్మినవారు దాచకుండా చెప్పారు. కరక్కాయ, ఇనుము, బెల్లం, దానిమ్మ మాత్రం పాతవే. ఆ వీధిలోనే తెరతో అచ్చువేసినవి పావు ధరకు దొరుకుతున్నాయి, కలంకారీ అన్న పేరుతోనే. మన కౌలాలంపూరు అంగళ్లకు వచ్చేవాటిలో అవీ ఉంటాయి. చెక్క అచ్చు పట్టిన కొడుకు తెర పట్టుకోవడం తప్పు అని నేను అనలేను. కొనేవారు మనమే, ధర అడిగేది మనమే.

సాయంకాలపు తరగతి పిల్లలకు ఈ రెండు దుప్పట్లూ చూపిస్తూ ఉంటాను. పోయిన ఉగాదికి రెండింటినీ పీటల మీద పరిచాము. మా చిన్న మనుమరాలు ఎవరూ చెప్పకుండానే ఒకదాని అంచు ఎత్తి వెనకవైపు చూసింది, రెండవదాని అంచు ఎత్తి చూసింది. తరువాత అతుకు కోసం వేలు పెట్టి వెదకడం మొదలుపెట్టింది.